రిపెల్లెంట్ అంటే చంపేదా, తరిమేదా?

ప్రశ్న: మాది కాలువగట్టు ఇల్లు కావడంతో ఏడాది పొడవునా దోమల చక్రం వెలిగిస్తాం. దాని డబ్బా మీద ‘రిపెల్లెంట్’ అని ఉంటుంది. దోమల్ని చంపేదని అర్థమా? మా అబ్బాయి అయస్కాంతాల పాఠంలో చదివే ‘రిపెల్’ కూడా ఇదేనా? ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: చంపడమనే అర్థం ఈ మాటలో లేదండి. మీద పడబోయేదాన్ని వెనక్కి తరమడం ‘రిపెల్’, అలా తరిమేది ‘రిపెల్లెంట్’. చంపేదైతే ఇంగ్లీషులో మాట చివర ‘సైడ్’ చేరుతుంది, చీడపీడల మందును ‘పెస్టిసైడ్’ అన్నట్లు. చక్రంలోని మందుకు కొన్ని దోమలు చచ్చినా, పేరు చెబుతున్నది తరమడాన్నే. సందెవేళ పశువుల పాకలో కొబ్బరి పీచు, వేపాకు వేసి పెట్టే పొగ అచ్చమైన రిపెల్లెంటు. దోమలు గేదెను వదిలి పక్కింటి దారి పడతాయి.

లాటిన్‌లో ‘రె’ అంటే వెనక్కి, ‘పెల్లెరె’ అంటే కొట్టడం, నెట్టడం, తోలడం. రెండూ కలిసిన ‘రెపెల్లెరె’ 15వ శతాబ్దంలో ‘రిపెల్’గా ఇంగ్లీషులో చేరింది. శత్రువుల దాడిని తిప్పికొట్టారని మన పత్రికలు రాసే చోట ఇంగ్లీషు పత్రికలు ఈ మాటనో, దీని తోబుట్టువైన ‘రిపల్స్’నో వాడతాయి. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు పడవను ముందుకు నెట్టే ప్రొపెల్లర్, వైద్యుడు మణికట్టు పట్టి చూసే పల్స్ కూడా ఈ ధాతువు సంతానమే. పల్స్ అంటే కొట్టుకునేదని అర్థం. వరి కోతల తరవాత చేలల్లో పండే మినుము, పెసరలను పల్సెస్ అంటారు గాని, వాటికి దీనితో చుట్టరికం లేదు. అది జావ అనే అర్థమున్న ‘పుల్స్’ అనే వేరే లాటిన్ మాట.

అయస్కాంతాల పాఠంలోనిది ఈ రిపెల్లే. సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయని తెలుగు మాధ్యమంలో చదువుకున్నాం. తమాషా ఏమిటంటే, సంస్కృత ధాతువు ‘కృష్’కు లాగడం, దున్నడం అని అర్థాలు, కృషి, కర్షకుడు అక్కడివే. తన వైపు లాగుకోవడం ఆకర్షణ, విడివిడిగా లాగడం వికర్షణ. ఇంగ్లీషు మాట నెట్టుడును చూసిన చోట మన మాట లాగుడునే చూసిందన్న మాట. ‘అట్రాక్ట్’లో మాత్రం ఇంగ్లీషుదీ లాగుడే, దమ్ము చేసే ట్రాక్టరు పేరుకు మూలమూ అదే.

డబ్బా మీద తెలుగులో ‘వికర్షకం’ అని రాయడం నాకు రుచించదు. ‘దోమలను తరిమేది’ అంటే మీ ఇంట్లో అందరికీ తెలుస్తుంది, అబ్బాయి పాఠం చదవకపోయినా.