కార్టహేనాని కాపాడింది లేసో ఒక్కడేనా?

ప్రశ్న: ఒంటికాలు, ఒంటికన్ను ఉన్న స్పెయిన్ నౌకాధిపతి ఒక్కడే 1741లో బ్రిటిష్ వాళ్లని తరిమికొట్టాడని ఒక వీడియోలో చూశాను. నిజమేనా? ఆ యుద్ధం ఒక చెవి కోసం మొదలైందట కూడా! — ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చెవి సంగతి ముందు చెప్పేస్తాను. 1731లో స్పెయిన్ కాపలా ఓడ వాళ్లు రాబర్ట్ జెంకిన్స్ అనే ఇంగ్లీషు కెప్టెన్ చెవి కోశారు. 1739లో యుద్ధం మొదలైంది కానీ అసలు గొడవంతా అమెరికా వలసల్లో వ్యాపారం గురించే, చెవి పేరుకి మిగిలింది.

మీరు చూసిన మనిషి బ్లాస్ దె లేసో. పదిహేనేళ్ల వయసులో, 1704లో మలగా దగ్గర జరిగిన సముద్ర యుద్ధంలో ఎడమ కాలు పోయింది, తర్వాత ఎడమ కన్ను పోయింది, ఆ తర్వాత కుడి చెయ్యి పనికి రాకుండా పోయింది. అయినా ఓడ దిగలేదు. ఇంతవరకు మీ వీడియో నిజమే. "ఒక్కడే" అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

బ్రిటిష్ వాళ్లు దాడి చేసిన కార్టహేనా అప్పట్లో స్పెయిన్ వాళ్ల రేవు పట్టణం, ఇప్పటి కొలంబియాలో ఉంది. అక్కడ లేసోకి పై అధికారిగా వైస్రాయ్ సెబాస్టియన్ దె ఎస్లావా ఉన్నాడు, మొత్తం అధికారం ఆయనదే. అటువైపు బ్రిటిష్ అడ్మిరల్ వెర్నన్, రవాణా ఓడలతో కలిపి 180కి పైగా ఓడలు. ఇటు చూస్తే లేసోకి ఉన్న పెద్ద యుద్ధనౌకలు 6, మనుషులు మూడు నాలుగు వేలు, అంతే.

లేసోకీ ఎస్లావాకీ అస్సలు పడేది కాదు. రేవులోకి వచ్చే బోకాచికా ఇరుకు దారిని గట్టిగా పట్టుకుని నిలబడాలని లేసో పట్టుదల, వైస్రాయ్ లెక్కలు వేరు. ఏప్రిల్ 4న ఇద్దరూ లేసో ఓడ గలీసియా మీద ఉండగా ఫిరంగి గుండు వచ్చి తగిలింది, చెక్కలు పగిలి ఆ పేళ్లు ఇద్దరికీ గుచ్చుకున్నాయి. ఒకే దెబ్బకి గాయపడ్డ మనుషులు కూడా ఒక మాట మీదకి రాలేదే అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. చివరికి బోకాచికా పోయింది, దారి మూసేయడానికి లేసో తన ఓడల్నే ముంచేశాడు, గలీసియా మాత్రం మునగకముందే ఇంగ్లీషు వాళ్లకి చిక్కింది.

తీర్పు తేలింది సాన్ ఫెలిపె కోట దగ్గర, ఏప్రిల్ 20న. అక్కడ కోటని నిలబెట్టింది కర్నల్ దెనో, ఆయన పేరు ఎవరూ తలుచుకోరు. బ్రిటిష్ వాళ్లు తెచ్చిన నిచ్చెనలు గోడలకి చాల్లేదు, తెల్లారేసరికి తుపాకులకి ఎదురుగా దొరికిపోయారు. అప్పటికే దోమల వల్ల వచ్చే పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) వాళ్లని వందలకొద్దీ మింగుతోంది. మే నెలలో తెరచాపలెత్తి వెళ్లిపోయారు. అంటే గెలుపులో లేసోది, ఎస్లావాది, దెనోది, దోమలది కూడా వాటా ఉంది.

ఇంకో ముచ్చట. గెలిచేశామని తొందరపడి ఇంగ్లండులో పతకాలు పోశారు, వాటి మీద లేసో వెర్నన్ ముందు మోకాళ్ల మీద ఉంటాడు, రెండు కాళ్లతో!

ఎస్లావా తర్వాత స్పెయిన్‌లో యుద్ధ మంత్రి అయ్యాడు. లేసో మాత్రం 1741లోనే, సెప్టెంబరు 7న కార్టహేనాలోనే చనిపోయాడు. వైస్రాయ్ ఫిర్యాదుల మీద రాజు లేసోని పదవి నుంచి తీసేస్తూ ఉత్తర్వు ఇచ్చింది అక్టోబరులో, అప్పటికి ఆ మనిషి పోయి నెల దాటింది. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత కొడుక్కి మార్క్విస్ బిరుదు ఇచ్చారు. లేసోని పూడ్చిన చోటు మాత్రం ఇప్పటికీ దొరకలేదు.