మందు రక్తంలోకి వెళ్తుందా?

ప్రశ్న: నాకు అరచేతుల్లో, అరికాళ్లలో సోరియాసిస్ ఉంది. సోరాలెన్ (చర్మాన్ని లైటుకు సున్నితం చేసే మందు) కలిపిన నీళ్లలో చేతులు, కాళ్లు నానబెట్టి, వెంటనే యూవీఏ (ఒక రకం అతినీలలోహిత కిరణాలు) లైటు పెడుతున్నారు. ఆ మందు రక్తంలోకి పోయి కళ్లకు హాని చేస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంకాస్త ఎక్కువసేపు నానబెడితే త్వరగా తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, చేతులు, కాళ్లు మాత్రమే నానబెడుతున్నారు కాబట్టి రక్తంలో చేరేది చాలా తక్కువ. సోరాలెన్ మాత్రలు మింగేవాళ్లకు వికారం రావచ్చు. వాళ్లు 24 గంటలపాటు యూవీఏను ఆపే కళ్లద్దాలు పెట్టుకోవాలి. మీకు ఆ అవసరం ఉండదు. లైటు వెలుగుతున్నప్పుడు మాత్రం ఆస్పత్రివాళ్లిచ్చే కళ్లద్దాలు తీయొద్దు. ఒంట్లో చాలా భాగానికి సోరాలెన్ లోషన్ పూస్తే సంగతి వేరు, మాత్ర వేసుకున్నంత మందు రక్తంలోకి చేరవచ్చు. అందుకే మిగిలిన మందును మోచేతికో వీపుకో మీరే పూసుకోకండి.

ఇక ఎక్కువసేపు నానబెట్టడం గురించి గట్టిగానే చెబుతున్నాను: వద్దు. సోరాలెన్ కణంలోని డీఎన్‌ఏ పోగుల మధ్య చేరుతుంది. యూవీఏ తగలగానే వాటిని కలిపి బిగించేస్తుంది, దాంతో చర్మకణాలు అతిగా పెరగడం తగ్గుతుంది. నానబెట్టే సమయాన్ని బట్టే లైటు మోతాదు లెక్కకట్టారు. లోపలికి మందు ఎక్కువ చేరితే అదే లైటుకు చర్మం కాలుతుంది. పైగా ఆ కాలడం వెంటనే కనిపించదు, రెండు మూడు రోజులకు బాగా ముదురుతుంది. మర్నాడు ఎరుపు లేదు కదా అని ధీమా పడకండి. మంట, ఎరుపు, బొబ్బలు వస్తే తర్వాతి సారి లైటు పెట్టించుకోకుండా ముందు డాక్టరుకు ఫోన్ చేయండి.

అరచేతి చర్మం మందం, మందు నెమ్మదిగా దిగుతుంది. పొలుసు పేరుకుంటే మందూ లైటూ రెండూ పైపైనే ఆగిపోతాయి. రోజూ మాయిశ్చరైజర్ రాసి పొలుసును మెత్తబరచండి. లైటుకు ముందు ఏదైనా రాయొచ్చో లేదో అడిగి తెలుసుకోండి. పగుళ్లుంటే అక్కడ మందు ఎక్కువగా దిగుతుంది, అది నర్సుకు చూపించాకే చేతులు నీళ్లలో పెట్టండి.

ఇంటికెళ్లేటప్పుడు చేతులు, కాళ్లు సబ్బుతో కడిగి, ఆ రోజంతా ఎండ తగలకుండా కప్పుకోండి. బస్సు కిటికీ అద్దం ఎండలోని యూవీబీ అనే మరో రకం అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపుతుంది కానీ యూవీఏను అంతగా ఆపదు, కిటికీ పక్క సీటు వదిలేయడమే మేలు. డాక్సీసైక్లిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్ కూడా చర్మాన్ని లైటుకు సున్నితం చేస్తాయి. అలాంటిదేదైనా వేసుకుంటుంటే, లైటు పెట్టక ముందే చెప్పండి.