పరుగు అయ్యాక తలనొప్పి, పిక్కలు పట్టేయడం: ఇంట్లో దొరికేవాటితో ఏం చేశానంటే

పోలీసు కానిస్టేబుల్ ఈవెంట్లకి, అంటే పరుగులాంటి ఒంటి పరీక్షలకి తయారవుతున్నానని, పరుగు తర్వాత తలనొప్పి వస్తోందని, రాత్రి పిక్కలు పట్టేస్తున్నాయని, గ్లూకోజ్ పొడి కలుపుకుని తాగుతున్నా తగ్గడం లేదని రాశావు. తమ్ముడూ, నీ గ్లూకోజ్ డబ్బాలో చక్కెర ఉంది, నీ చెమటలో పోతున్నది ఉప్పు. చాలావరకు తేడా అక్కడే ఉంది.

మాది విజయనగరం వైపు పల్లెటూరు. 1600 మీటర్లు 8 నిమిషాల్లో కొట్టాలని తెల్లారి అయిదింటికే గ్రౌండులో ఉండేవాళ్ళం. ఏప్రిల్ దాటితే మా వైపు ఎండ సంగతి తర్వాత, ఉక్క చంపేస్తుంది. చెమట ఆరదు, కారిపోతుంది. బనీను విప్పి పిండితే ధారగా పడేది. ఒకరోజు దాహానికి ఆగలేక ఇంటికొచ్చి గంటలోపే మూడు లీటర్ల దాకా మంచినీళ్ళు తాగేశాను. మధ్యాహ్నానికి తల బద్దలైపోయింది, వాంతులు, రాత్రి కుడి పిక్క రాయిలా బిగిసింది. దగ్గర్లోని డాక్టరుగారు చూసి, నీళ్ళు చాలక కాదయ్యా, ఉప్పు పోయాక ఉత్త నీళ్ళు పోశావు, రక్తంలో ఉన్న కాస్త సోడియం (ఉప్పులో ఉండేదే) కూడా పల్చబడింది అన్నారు.

ఇంట్లో మా అమ్మమ్మ మాత్రం, "ఒరే గుంటడా, నాను మొదట్నించీ సెప్తన్నాను, అంబలి తాగి ఎల్లరా అని. ఇన్నావా?" అంది. నేనా, ఊళ్ళో అందరూ తాగే చోడంబలి, అదే రాగి అంబలి, ఏం తాగుతాం, డబ్బాలో పొడి అయితే ఆటగాడి లెక్క ఉంటుందనుకునేవాణ్ణి.

మందుకంటే ముందు లెక్క తేల్చుకోవాలి. మా బావ దుకాణంలో బస్తాలు తూచే కాటా మీద పరుగుకి ముందు, వచ్చాక చెమట తుడుచుకుని నిలబడ్డాను. 64.2 కిలోలు కాస్తా 63 అయింది. యాభై నిమిషాల్లో 1.2 కిలోలు, అంటే సుమారు 1.2 లీటర్ల చెమట. పోయినదానికి ఒకటిన్నర రెట్లు, అంటే 1.8 లీటర్ల దాకా తాగాలి, ఎందుకంటే తాగినదాంట్లో కొంత మూత్రంగా పోతుంది. ఒక్కసారి కాదు, మూడు నాలుగు గంటల్లో కొంచెం కొంచెంగా. నువ్వూ ఒక్కసారి తూగి చూడు. బరువు తగ్గకపోగా పెరిగిందంటే నువ్వు ఎక్కువ తాగేస్తున్నట్టు.

నేను రోజూ చేసుకున్నది ఇదీ. లీటరు నీళ్ళు, పావు టీ చెంచా ఉప్పు, మూడు నాలుగు చెంచాల బెల్లం తురుము, ఒక నిమ్మకాయ. చెమట బాగా కారిన రోజు ఉప్పు అర టీ చెంచా. చెంచా తలకొట్టి కొలవాలి, గుప్పెట్లో తీసి వెయ్యకూడదు. బెల్లం ఉత్త రుచికి కాదు, పేగుల్లో ఉప్పుని లోపలికి లాగడానికి కొంచెం గ్లూకోజ్ కావాలి. విరేచనాలప్పుడు తాగించే ఓఆర్ఎస్ పనిచేసేది ఈ కిటుకు మీదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ సెలైన్ సీసాలు చాలక ఉప్పు, గ్లూకోజ్ నీళ్ళు తాగించి వేలమందిని బతికించింది ఇలాగే. కొందరు సైంధవ లవణం అయితేనే పనిచేస్తుందంటారు. అదీ ఎక్కువభాగం మామూలు ఉప్పే, దానికోసం డబ్బులు పెట్టనక్కర్లేదు.

కొట్లో "ఓఆర్ఎస్" అని రాసి అమ్మే తీపి డబ్బాల మీద మాత్రం నాకు కోపం. వాటిలో చక్కెర అసలు ఓఆర్ఎస్ కంటే ఎన్నో రెట్లు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి పదార్థాల నాణ్యత చూసే కేంద్ర సంస్థ) అలాంటి డబ్బాల మీద ఆ మాట రాయకూడదని ఆదేశం ఇచ్చింది. ప్యాకెట్టు కొనాలనుకుంటే మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉన్నదే అడుగు.

ఇక అంబలి. చోళ్ళంటే మీ వైపు రాగులో, తైదలో. రాత్రి చోడిపిండి నీళ్ళలో కలిపి మూత పెడితే పొద్దుటికి కొంచెం పులుస్తుంది. నూకలు ఉడుకుతుండగా ఆ పిండినీళ్ళు పోసి, గడ్డ కట్టకుండా తిప్పుతూ ఉడికించి, చల్లారాక పల్చటి మజ్జిగ, ఉప్పు కలిపి, పచ్చి ఉల్లిపాయ నంజుకుని తాగాలి. నీళ్ళు, ఉప్పు, పిండిపదార్థం, మూడూ ఒకే చెంబులో. తరవాణి (పులియబెట్టిన గంజినీళ్ళు) కుండ ఉన్న ఇల్లయితే అదీ మంచిదే, కానీ కుండ రోజూ చూసుకునేవాళ్ళు ఉండాలి, లేకపోతే పాడై కడుపు చెడుతుంది. మజ్జిగే అందరికీ తేలిక. కొబ్బరి బోండాం తాగొచ్చు, పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం తక్కువ. అందుకే నేను దాంతోపాటు ఉప్పు పల్లీలు నమిలేవాణ్ణి.

అంబలితో దాహం తీరుతుందిగానీ కండరం కోలుకోవడానికి మాంసకృత్తులు కావాలి. రెండు ఉడకబెట్టిన గుడ్లు, గుప్పెడు పల్లీలు, ఇరవై గ్రాములకి దగ్గరగా వస్తాయి. గుడ్డు తినకపోతే పెరుగు, ఉడికించిన శనగలు.

ఒళ్ళునొప్పుల సంగతి వేరు. కొత్తగా పరుగు పెంచిన మర్నాడో, రెండోరోజో వచ్చే నొప్పి లాక్టిక్ ఆమ్లం వల్ల అని గ్రౌండులో అందరూ చెప్తారు. కానీ ఆ ఆమ్లం గంటలోపే ఒంట్లోంచి పోతుంది. నొప్పి కండరంలో పడ్డ సన్నటి చీలికల వల్ల, అలవాటైతే తగ్గుతుంది. వేడినీళ్ళ స్నానం, నువ్వులనూనె మర్దనా హాయినిస్తాయి. పసుపు పాలు నేనూ తాగాను, బాగా నిద్రపట్టేది. పని చేసింది పసుపో నిద్రో చెప్పమంటే నిద్రకే ఓటేస్తాను. పిక్క పట్టేసినప్పుడు మాత్రం తాగుతూ కూర్చోకు, కాలు చాపి వేళ్ళని నీవైపు లాగిపట్టు, నిమిషంలో వదులుతుంది. ఉప్పు సరిచేసినా రోజూ పడుతుంటే ఒక్కసారిగా పరుగు పెంచేశావేమో చూసుకో.

బీపీ, షుగరు, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళు ఈ ఉప్పు, బోండాం లెక్కలు డాక్టరుని అడగకుండా పాటించొద్దు. మాట తడబడినా, తూలినా, మూత్రం కోలా కూల్‌డ్రింకులా నల్లటి రంగులో వచ్చినా ఇంట్లో ఏదీ తాగించొద్దు. ఒంటి మీద చల్లటి నీళ్ళు పోస్తూ 108కి ఫోన్ చెయ్యాలి.

ఈవెంట్ల రోజు మా అమ్మమ్మ చెంబుడు అంబలి ఇచ్చి పంపింది, రెండు గంటల ముందే తాగేశాను. నా పక్కన పరిగెత్తిన కుర్రాడు గేటు దగ్గర ఎవరో ఇచ్చిన ఎనర్జీ డ్రింకు మొదటిసారి తాగాడు. మూడో రౌండులో పక్కకి జరిగి కక్కేశాడు.