గుడ్డ మీద మిగిలేది 40 వేలు, వడ్డీకి పోయేది 90 వేలు

ప్రశ్న: శ్రీకాళహస్తిలో కలంకారీ చీరలు చేయిస్తున్నాను. నలుగురు పనివాళ్లు. సహజ రంగులే వాడతాం, కూలి వారం వారం ఇచ్చేస్తాం. సేంద్రియ పత్తి గుడ్డ ఒకేసారి కొంటే 8 శాతం తగ్గిస్తామంటున్నారు. తెలిసినవాళ్లు నూటికి 2 రూపాయల వడ్డీకి 5 లక్షలు ఇస్తామన్నారు. తీసుకోవచ్చా? (నెలవారీ లెక్కలు జత చేశాను.)

జవాబు: వద్దమ్మా. ఆ అప్పు ప్రోనోటు మీద సంతకం పెట్టకండి.

మీరు పంపిన లెక్కే చూద్దాం. నెలకు 22 చీరలు, ఒక్కోటి 7,000. గుడ్డ, రంగులు, కూలి, అద్దె పోను చీరకు 1,300 చొప్పున 28,600. ఇంటి ఖర్చు 22,000. చేతిలో మిగిలేది 6,600. వడ్డీ మాత్రం నెలకు 10,000! మిగతాది ఎక్కడి నుంచి తెస్తారు? చీరకు గుడ్డ 2,500 అన్నారు కాబట్టి 5 లక్షల సరుకు 200 చీరలకు, అంటే తొమ్మిది నెలలకు వస్తుంది. ఈలోపు వడ్డీ 90 వేలు. తగ్గింపు 40 వేల చిల్లర. పైగా గుడ్డ వానాకాలమంతా గదిలో ఉంటే చెమ్మకు బూజు మచ్చలు పడతాయి, వాటి మీద, రంగు నిలవడానికి పెట్టే కరక్కాయ నీళ్లు సమంగా పట్టవు.

అసలు లోపం వేరే ఉంది. మీ లెక్కల్లో అత్యవసర నిధి అన్న పద్దే లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర ముసురు. ఎండ లేక గుడ్డ ఆరదు, స్వర్ణముఖి నదిలో బురదనీళ్లు వస్తే ఉతుకు ఆగిపోతుంది. 2021 నవంబరు వరద గుర్తుందిగా? అలాంటప్పుడు చేతిలో డబ్బు లేకపోతే ముందు ఆగేది కూలి. ఆ తర్వాత ఎరుపునిచ్చే మంజిష్ఠ వేరు బదులు అంగడి రసాయన ఎరుపు వస్తుంది, చీర మీద చీటీ మాత్రం ‘సహజ రంగులు’ అనే ఉంటుంది. పద్ధతిగా చేసే చాలామంది జారేది ఇక్కడే, బుద్ధి చెడి కాదు.

కూలి 56,000, అద్దె 6,000, ఇంటికి 22,000 కలిపితే నెలకు 84,000. మూడు నెలలకు 2,52,000. ఇది పక్కన పడేదాకా విస్తరణ మాట ఎత్తకండి. బొటిక్‌ల నుంచి మీకు రావలసింది 2,10,000 అని మీరే రాశారు. ముందు దాన్ని వసూలు చేయండి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, వెంటనే చేయించుకుని ఆ నంబరు ప్రతి బిల్లు మీదా వేయండి. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం రాతకోతలు లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజుల్లోపు కొన్నవాళ్లు డబ్బు కట్టాలి. ఇకపై ఆర్డరుకు సగం అడ్వాన్సు తీసుకోండి. వచ్చిన బాకీలో లక్షన్నర వేరే బ్యాంకు ఖాతాలో వేసి, దాని ఏటీఎం కార్డు తీసుకోకండి. మిగిలిన 60 వేలతో ఒక నెల గుడ్డ కొనుక్కోవచ్చు. ఆపైన నెలకు 6,000 చొప్పున వేస్తే ఏడాదిన్నరలో లెక్క నిండుతుంది.

ఇక సరుకుకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ తీసుకోండి. అగ్నిప్రమాదంతో పాటు వరదకూ వర్తిస్తుంది. సగం పని అయిన చీరలను కూడా విలువలో కలపండి, లేకపోతే క్లెయిములో కోత పడుతుంది. బొటిక్‌లో ఉంచిన సరుకు సంగతి విడిగా అడిగి రాయించుకోండి. దొంగతనానికి వేరే పాలసీ కావాలి. పనివాళ్లు నలుగురి చేతా 20 రూపాయల ప్రమాద బీమా, 50 ఏళ్లలోపు వాళ్ల చేత 436 రూపాయల జీవిత బీమా కట్టించండి. నలుగురికీ కలిపి ఏడాదికి 1,824 దాటదు.

అప్పు తప్పదనుకుంటే ముద్ర రుణ పథకం కింద బ్యాంకునే అడగండి, అదీ రెండు నెలల గుడ్డకు సరిపడా, లక్షా పది వేలు. చీటీ పాడి ఎత్తుకోవడం, నగలు తాకట్టు పెట్టడం ఇప్పుడు వద్దు. గుడ్డ అమ్మేవాళ్లను నెలనెలా తీసుకుంటాం, 3 శాతం తగ్గించమని అడిగి చూడండి.