టర్బో ఆల్-వీల్-డ్రైవ్ కారు కొంటే మొదట ఏ భాగం మార్చాలి?

మీరు అమెరికాలో ఉంటూ 2011 నాటి సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ పాతది కొనబోతున్నారు. మొదట డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టం) మార్చాలా, ఇంటేక్ (ఇంజన్‌కు గాలి అందించే గొట్టం) మార్చాలా అని అడిగారు. రెండూ వద్దు. మొదటి ఖర్చు సిలిండర్లలోంచి గాలి ఎంత కారుతోందో చూసే లీక్‌డౌన్ పరీక్షకు పెట్టండి, రెండోది నాలుగు టైర్లకు. ఆ తరువాత కూడా జేబులో ఏమైనా మిగిలితే అప్పుడు హార్స్‌పవర్ గురించి మాట్లాడుకుందాం.

నేను మిషిగన్‌లో ఉంటాను. ఈ తరం కారునే చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. ఆయిల్ మార్చడం నుంచి టైమింగ్ బెల్టు దాకా నా గ్యారేజీలో నేనే చేసుకుంటాను. మనవాళ్లలో ఇది కాస్త వింత వ్యవహారమే. ఇక్కడ తెలుగువారి ఇళ్లలో భోజనాల దగ్గర కార్ల ప్రస్తావన వస్తే క్యామ్రీతో మొదలై రీసేల్ విలువతో ముగుస్తుంది. "పిల్లలున్నవాడివి, వెనకాల ఆ రెక్క ఎందుకయ్యా నీకు?" అని నలుగురిలో అడిగిన పెద్దాయనే, జనవరి మంచులో బండి వాకిలి దాటక నాకు ఫోను చేశారు. వెళ్లి బండిని బయటికి లాగాను. రెక్క ప్రస్తావన మళ్లీ రాలేదు.

అసలు విషయానికి వస్తాను. ఆ మధ్య మా పిన్ని కొడుకు ఇలాంటి కారే ఒకటి ప్రకటనలో చూసి, నన్ను వెంటబెట్టుకుని డెట్రాయిట్ శివార్లకు తీసుకెళ్లాడు. నీలం రంగు, డౌన్‌పైప్, లావుపాటి ఇంటేక్ గొట్టం, తుస్సుమనే బ్లో-ఆఫ్ వాల్వ్. మావాడు దాన్ని వీధి మలుపులోంచి చూసినప్పుడే కొనేశాడు, డబ్బు ఇవ్వడమే మిగిలింది. నేను బోనెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. మనం వస్తున్నామని తెలిసి ఇంజన్ ముందే వేడి చేసి ఉంచే అమ్మకందారును నేను నమ్మను. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడే పిస్టన్ సిలిండర్ గోడకు కొట్టుకునే టకటక వినిపిస్తుంది. వేడెక్కితే లోహం వ్యాకోచించి ఆ చప్పుడు అణిగిపోతుంది. ట్యూన్, అంటే ఇంజన్ కంప్యూటర్‌లో సెట్టింగుల మార్పు, ఎవరు చేశారని అడిగాను. "స్నేహితుడు" అన్నాడు. నడిపినప్పుడు కంప్యూటర్ నమోదు చేసిన లాగ్ ఫైళ్లు ఉన్నాయా అంటే నవ్వి ఊరుకున్నాడు.

ఆయన గ్యారేజీలో ఎయిర్ కంప్రెసర్ ఉంది, గేజీలు నా డిక్కీలో ఉన్నాయి. పరీక్ష చేసుకుంటామంటే కాదనలేకపోయాడు. ఈ బాక్సర్ ఇంజన్‌లో సిలిండర్లు నిలువుగా కాకుండా ఇరుపక్కలకూ పడుకుని ఉంటాయి కాబట్టి స్పార్క్ ప్లగ్గులు పైనుంచి అందవు. ఎడమవైపు బ్యాటరీ తీస్తేగాని రెండు, నాలుగు నంబర్ల సిలిండర్లకు చెయ్యి పోదు. తీసినా మోచేతులు గీరుకుపోవడం ఖాయం. ఒక్కో పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకొసకు తెచ్చి, ప్లగ్గు రంధ్రంలోంచి 100 పీఎస్‌ఐ గాలి ఎక్కించి, అందులో ఎంత శాతం బయటికి పోతోందో రెండో గేజీలో చూడాలి. మూడు సిలిండర్లలో నష్టం పది శాతం లోపే ఉంది. నాలుగోదానికి వచ్చేసరికి ముల్లు 40 దాటింది.

గాలి ఎంత పోతోందో గేజీ చెబుతుంది, ఎటు పోతోందో చెవితో పట్టుకోవాలి. సైలెన్సర్ చివర బుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, థ్రాటిల్ దగ్గరైతే ఇంటేక్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలు తేలితే హెడ్ గాస్కెట్. నేను ఇంజన్ ఆయిల్ పోసే మూత తీసి, "ఇక్కడ చెవి పెట్టు" అన్నాను. మావాడు వంగాడు. సన్నటి బుస, దానితోపాటు కాగిన ఆయిల్ వాసన. అంటే గాలి పిస్టన్ రింగులను దాటి కింద క్రాంక్‌కేస్‌లోకి దిగుతోంది. ఈ ఇంజన్‌లో, అందులోనూ నాలుగో సిలిండర్‌లో, ఇలా తేలితే రింగుల మధ్య ఉండే పిస్టన్ గట్టు విరిగిందనే మొదట అనుమానించాలి. దాన్నే రింగ్‌ల్యాండ్ అంటారు.

అమ్మకందారు కంప్రెసర్ గొట్టం చుట్టడంలో మునిగిపోయాడు. మావాడు నా చెవి దగ్గరికి వచ్చి, "అన్నయ్యా, ధర తగ్గిస్తాడేమో అడగనా?" అన్నాడు! షార్ట్ బ్లాకు (పిస్టన్లతో సహా ఇంజన్ అసలు దిమ్మ), గాస్కెట్లు, కూలీ కలిపితే ఆ కారు ధరలో సగం దాటుతుందని లెక్క చెప్పి బయటికి లాక్కొచ్చాను. ఇంటికి చేరేదాకా ముఖం ముడుచుకునే ఉన్నాడు.

ఆ గట్టు ఎందుకు విరుగుతుందో తెలిస్తే మీ ఇంటేక్ ప్రశ్నకు జవాబు దానంతట అదే వస్తుంది. ఈ కారులోని ఈజే255 ఇంజన్‌కు పోతపోసిన పిస్టన్లు. వేడిని బాగానే తట్టుకుంటాయి, నాకింగ్ దెబ్బను, అంటే సిలిండర్‌లో పెట్రోలు మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలడాన్ని, తట్టుకోలేవు. ఇంటేక్ గొట్టంలో ఉండే సెన్సర్ తన మీదుగా పోయే గాలిని మాత్రమే కొలుస్తుంది. గొట్టం మొత్తంలో ఎంత గాలి పోతోందో కంప్యూటర్ అసలు గొట్టం కొలతను బట్టి లెక్కగడుతుంది. మీరు లావుపాటి గొట్టం బిగించి ట్యూన్ మార్చకపోతే, లోపలికి వెళ్లే గాలి ఎక్కువ, కంప్యూటర్ అనుకునేది తక్కువ. పెట్రోలు చాలదు, మిశ్రమం పలచబడుతుంది, టర్బో ఒత్తిడి పెరిగిన క్షణంలో నాకింగ్ మొదలవుతుంది. ఇన్ని జరిగినా మీకు వినిపించేది మాత్రం కొత్త ఇంటేక్ చేసే హోరు. దాన్ని విని సంతోషిస్తారు. నా దృష్టిలో ఈ ఇంజన్లు పోవడానికి నూటికి తొంభై సందర్భాల్లో కారణం ఈ సంతోషమే.

బ్లో-ఆఫ్ వాల్వ్ సంగతీ అంతే. ఫ్యాక్టరీ వాల్వ్ మిగులు గాలిని తిరిగి టర్బో ముందుకు పంపుతుంది, ఎందుకంటే కంప్యూటర్ ఆ గాలిని అప్పటికే లెక్కలో వేసుకుంది. దాన్ని బయటికి వదిలేస్తే గేరు మార్చిన ప్రతిసారీ క్షణంపాటు పెట్రోలు ఎక్కువై ఇంజన్ తడబడుతుంది. శక్తి ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగదు. రాత్రి పదకొండు గంటలకు ఆ తుస్సు వినలేక మీ వీధివారు పడే బాధ అదనం.

ఇక టైర్లు. ఒకసారి నా కారు టైరు పక్కగోడ చీలితే, ఒక దుకాణంలో "ఒక్కటి మార్చుకుంటే చాలు" అని గట్టిగా వాదించారు. ఈ కారులో నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య తేడా పావు అంగుళం మించకూడదని సుబారు చెబుతుంది. లెక్క వేస్తే అది అరుగుదలలో సుమారు ఒక మిల్లీమీటరు, అంతే. అంతకు మించితే మాన్యువల్ గేరుబాక్సు కార్లలో మధ్యనుండి ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే విస్కస్ డిఫరెన్షియల్ తిన్నటి రోడ్డు మీద కూడా ఊరికే వేడెక్కుతూ ఉంటుంది. కొత్త టైరును పాతవాటి స్థాయికి అరగదీసి అమ్మేవాళ్లు ఇక్కడ ఉన్నారు, నేను అక్కడే కొన్నాను. అన్నట్టు, నాలుగు చక్రాలకూ శక్తి అందడం ముందుకు కదలడానికే పనికొస్తుంది. బ్రేకు వేసినప్పుడు క్యామ్రీకీ దీనికీ తేడా లేదు. మంచు టైర్లు కొనకుండా డౌన్‌పైప్ కొనేవారితో నేను వాదించడం మానేశాను.

పెట్రోలు గురించి కూడా ఒక మాట. ఈ కారుకు 91 ఆక్టేన్ (పెట్రోలు నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే సంఖ్య) కావాలని చదివి, "మా హైదరాబాద్‌లో మామూలు పెట్రోలే 91 ఉండేది కదా" అంటారు కొందరు. అక్కడి బంకుల్లో రాసేది రీసెర్చ్ ఆక్టేన్ సంఖ్య. అమెరికాలో రాసేది రీసెర్చ్, మోటార్ సంఖ్యల సగటు. అక్కడి 91 ఇక్కడి 87కు దగ్గర. ఇక్కడ కూడా ఊరిని బట్టి మారుతుంది. మిషిగన్‌లో 93 దొరుకుతుంది, కాలిఫోర్నియాలో సాధారణంగా 91తో సరిపెట్టుకోవాలి. 93కు రాసిన ట్యూన్‌ను 91 మీద నడిపితే ఏమవుతుందో ఆ నీలం కారు సంగతి చదివాక మీకు నేను చెప్పనక్కరలేదు. రోమ్‌రైడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు, ఒక కేబులు తెచ్చుకోండి. అందులో ఐఏఎం అనే విలువ 1 దగ్గరే నిలబడి ఉండాలి. అది పడిపోయిందంటే కంప్యూటర్ నాకింగ్ గుర్తించి స్పార్క్‌ను వెనక్కి లాగుతోందన్నమాట. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి కారణం వెతకండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయనుకుంటే, మీరు అడిగిన రెండింటిలో డౌన్‌పైపే ముందు, అదీ దానికి తగిన ట్యూన్‌తోనే. పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ లేనిది మాత్రం కొనకండి. మిషిగన్‌లో పొగ తనిఖీ లేదు కదా అంటారు. రోడ్డు మీద తిరిగే కారుకు దాన్ని తీసేయడం ఫెడరల్ చట్టానికే విరుద్ధం, పైగా ఆ వాసనకు పక్కన కూర్చున్నవారికి తలనొప్పి.

టైమింగ్ బెల్టు గడువు 1,05,000 మైళ్లు. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, కాబట్టి మార్చినట్టు రసీదు చూపించమనండి. ఆయిల్ తాగే ఇంజన్ ఇది, పెట్రోలు పోయించుకున్నప్పుడల్లా డిప్‌స్టిక్ చూడండి. వెనక డిఫరెన్షియల్ ఆయిల్ మీరే మార్చుకునే పనైతే, పైనుండే పోసే బోల్టు ముందు విప్పండి, అది కదిలిన తరువాతే కింది బోల్టు జోలికి వెళ్లండి. ఇక్కడి ఉప్పుకు తుప్పు పట్టి పైది ఊడి రాకపోతే, ఆయిల్ అంతా నేల మీద, కారు జాకీల మీద ఉండిపోతాయి.