రేడియాలజీ నుంచి ఆసుపత్రి నిర్వహణకు: కడప వైద్యురాలి సందేహానికి జవాబు

కడప రిమ్స్‌లో ఎంబీబీఎస్ చదివి, రేడియో డయాగ్నోసిస్‌లో (స్కాన్లు చదివి జబ్బును గుర్తించే విభాగం) ఎండీ పూర్తిచేసి ఈ మధ్యే అమెరికాకు వచ్చిన ఒక వైద్యురాలు, మళ్ళీ రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే స్పెషలిస్టు శిక్షణ) బాట పట్టకుండా నేరుగా ఎంబీఏ చేసి ఆసుపత్రి నిర్వహణలోకి వెళ్ళవచ్చునా అని అడిగారు. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి, ఇక్కడ రేడియాలజిస్టుగా పనిచేస్తూ నిర్వహణ బాధ్యతల్లోకి వచ్చినవాడిగా నేను చెప్పేది ఒక్కటే: ముందు ఇక్కడ రేడియాలజిస్టుగా నిలబడండమ్మా, ఎంబీఏ సంగతి తరువాత చూద్దాం. చీఫ్ మెడికల్ ఆఫీసర్ వంటి పదవులకు సాధారణంగా లైసెన్సు, బోర్డు సర్టిఫికేషన్ (ఆ స్పెషాలిటీ బోర్డు పరీక్షలు నెగ్గినవారికి ఇచ్చే గుర్తింపు) అడుగుతారు. అడగకపోయినా, రిపోర్టు మీద సంతకం పెట్టిన అనుభవం లేనివారి మాటను తోటి వైద్యులు లెక్కచేయరు.

మామూలు దారిలో యూఎస్ఎంఎల్ఈ (అమెరికాలో వైద్యుల లైసెన్సు కోసం స్టెప్ 1, 2, 3గా జరిగే) పరీక్షలు, మార్చిలో మ్యాచ్ (అభ్యర్థులకు రెసిడెన్సీ సీట్లు కేటాయించే ప్రక్రియ), ఒక ఏడాది ఇంటర్న్‌షిప్, నాలుగేళ్ళ రేడియాలజీ రెసిడెన్సీ, ఆపైన చాలామందికి ఏడాది ఫెలోషిప్ (ఒక ఉపవిభాగంలో అదనపు శిక్షణ) ఉంటాయి. 2022 జనవరి నుంచి స్టెప్ 1లో మార్కులు ఇవ్వకుండా ఉత్తీర్ణత మాత్రమే ప్రకటిస్తున్నందున స్టెప్ 2 మార్కుల విలువ పెరిగింది. అయితే స్వదేశంలో ఎండీ పూర్తిచేసిన మీలాంటివారికి అమెరికన్ బోర్డ్ ఆఫ్ రేడియాలజీ మరో మార్గం కూడా తెరిచి ఉంచింది: రెసిడెన్సీ కార్యక్రమం ఉన్న ఒకే సంస్థలో నాలుగేళ్ళు ఫెలోగానో అధ్యాపకులుగానో పనిచేసి బోర్డు పరీక్షలు రాయవచ్చు. లైసెన్సు నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి కాబట్టి, సంస్థను ఎంచుకునే ముందే వాటిని చూసుకోవాలి.

ఇక నిర్వహణ ఎక్కడ నేర్చుకుంటామన్నది అసలు విషయం. కర్నూలు పెద్దాసుపత్రికి ఆదోని నుంచో పత్తికొండ నుంచో బస్సెక్కి వచ్చిన కూలి మనిషికి స్కానింగ్ అయిపోయినా, రిపోర్టు రేపు రమ్మంటే ఇంకొక రోజు కూలి పోతుంది, ఆ రాత్రి వరండాలో పడుకోవలసి వస్తుంది. అమెరికాలోనూ జాప్యం రోగికి బాధే, కాకపోతే ఇక్కడ ప్రతి అడుగుకూ సమయం నమోదవుతుంది: వైద్యుడు స్కాన్ రాసిన క్షణం, రోగిని టేబుల్ మీద పడుకోబెట్టిన క్షణం, చిత్రాలు ప్యాక్స్‌లోకి (స్కాన్ చిత్రాలను భద్రపరచి చూపే కంప్యూటర్ వ్యవస్థ) చేరిన క్షణం, రిపోర్టుపై సంతకమైన క్షణం. ఎమర్జెన్సీ సీటీలు ఆలస్యమవుతున్నాయని రేడియాలజిస్టులను నిందిస్తున్న చోట ఈ నాలుగు అంకెలను వరుసగా పేర్చి చూస్తే, ఆలస్యం చదవడంలో కాక, రోగిని వార్డు నుంచి తోసుకువచ్చే మనిషి దొరకకపోవడంలో ఉందని బయటపడవచ్చు. అక్కడ ఇంకొక రేడియాలజిస్టును నియమించడం డబ్బు దండగ. అన్ని విభాగాల రోగులూ మన గది గుండానే వెళతారు కాబట్టి ఇటువంటివి మనకు ముందుగా కనిపిస్తాయి. ఈ చూపును ఏ ఎంబీఏ తరగతీ ఇవ్వదని నా గట్టి నమ్మకం.

అందుచేత ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదే నాణ్యతా సంఘంలోనో, స్కాన్ ప్రోటోకాళ్ళ (ఏ జబ్బుకు ఏ స్కాన్ ఎలా తీయాలన్న పద్ధతుల) సంఘంలోనో చోటు అడగండి. లెక్కలూ బడ్జెట్టూ చేతికి వచ్చాక, ఉద్యోగం మానకుండా వారాంతాల్లో ఎంబీఏ చేయవచ్చు. కొన్ని సంస్థలు ఫీజులో భాగం భరిస్తాయి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2012లో ప్రారంభించిన నాయకత్వ శిక్షణ సంస్థ పాఠాలు అంతకంటే ముందే పనికివస్తాయి. పదవి వచ్చాక కూడా వారంలో ఒకటి రెండు రోజులైనా స్కాన్లు చదవడం మానవద్దు.

వీసా మాట కూడా చెప్పాలి. జే-1 వీసా మీద శిక్షణ పొంది, ఆ తరువాత రెండేళ్ళు స్వదేశానికి వెళ్ళాలన్న నిబంధన నుంచి కాన్రాడ్ మినహాయింపు తీసుకునేవారు, వైద్యుల కొరత ఉన్నచోట మూడేళ్ళు పూర్తికాలం వైద్యం చేస్తామని ఒప్పుకుంటారు. ఆ గడువులో వైద్యం గంటలను తగ్గించే ఏ నిర్వహణ పదవికైనా ఇమిగ్రేషన్ న్యాయవాదికి చూపించకుండా సంతకం చేయకండి.