ఫెడోరా ప్యాకేజీ: మాక్ (mock) టూల్‌లో బిల్డ్ ఆగిపోతుంటే – సమాధానం

మీ మెషీన్‌లో ఆర్‌పీఎం (ఫెడోరా లినక్స్ వాడే ప్యాకేజీ) చక్కగా తయారవుతోంది, ఫెడోరా రివ్యూయర్ మాక్‌లో (ప్యాకేజీని విడిగా, శుభ్రమైన చోట బిల్డ్ చేసే టూల్) పెడితే మాత్రం జీసీసీ (సి కంపైలర్) దొరకలేదని ఆగిపోతోంది అన్నారు కదండీ. తప్పు మీ కోడ్‌లో లేదు, ప్యాకేజీని ఎలా తయారుచేయాలో చెప్పే స్పెక్ ఫైల్లో ఉంది.

మీ దగ్గర జీసీసీ ఎప్పుడో ఇన్‌స్టాల్ అయి ఉంటుంది, అందుకే లోపం బయటపడలేదు. మాక్ ప్రతిసారీ కనీస ప్యాకేజీలతో కొత్త బిల్డ్‌రూట్ (బిల్డ్ జరిగే చిన్న సిస్టమ్) కట్టుకుంటుంది. అందులోంచి జీసీసీని ఫెడోరా 29లోనే (2018) తీసేశారు, 34లో మేక్‌నీ (మేక్‌ఫైల్‌ను నడిపే టూల్) తీసేశారు. కాబట్టి స్పెక్‌లో బిల్డ్‌కి కావలసినవి చెప్పే బిల్డ్‌రిక్వైర్స్‌లో రెండూ రాయండి. పాత ట్యుటోరియల్స్ చూసి స్పెక్ రాస్తే అందరికీ తగిలే దెబ్బే ఇది, నాకూ తగిలింది.

ఇది దాటాక ఇంకోటి రావచ్చు. మీ మేక్‌ఫైల్ బిల్డ్ మధ్యలో ఏదైనా లైబ్రరీని డౌన్‌లోడ్ చేస్తోందా? మాక్‌లో మామూలుగా నెట్ ఉండదు, అక్కడే ఆగుతుంది. ఆ లైబ్రరీ ఫెడోరాలో ఉంటే దాన్నే బిల్డ్‌రిక్వైర్స్‌లో చేర్చండి. సోర్స్‌లోకి కాపీ చేసి పెట్టడం ఆఖరి దారి. అలా చేస్తే ఆ లైబ్రరీ లోపలే ఉందని స్పెక్‌లో బండిల్డ్ ప్రొవైడ్స్‌తో ప్రకటించాలి, దాని లైసెన్సు కూడా చూసుకోవాలి.

స్పెక్‌లోని లైసెన్స్ ఫీల్డ్‌ను ఎస్‌పీడీఎక్స్ (లైసెన్సుల పేర్లు రాసే ప్రామాణిక పద్ధతి) పద్ధతిలోకి మార్చేయండి. మళ్లీ పంపే ముందు మీరే ఒకసారి ప్యాకేజీని నియమాలతో సరిచూసే ఫెడోరా-రివ్యూ టూల్ నడిపి చూసుకుంటే రివ్యూయర్‌కి సగం పని తగ్గుతుంది.